లాడ్జికి మూడు మెట్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ ఎవరి దయా కాదు, మన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పబట్టే ఏటా ఈ రోజున కలుస్తున్నాం. ఈసారి నేను మరో హక్కు సంగతి మనవి చేస్తాను.

కిందటేడు ఈ సభకే నా పాత సీనియరు ఒకరు ఆర్మూరు వచ్చారు. పక్షవాతం తర్వాత ఆయనకు చక్రాల కుర్చీయే ఆధారం. మా ఇంట్లో దిగమంటే, "మీ గడప ఎత్తు నాకు తెల్వదా తమ్మీ" అని నవ్వి, ఒక చిన్న లాడ్జికి ఫోన్ చేశారు. గది కిందనే ఉందన్నారు. అది నిజమే. కాని వాకిట్లో మూడు మెట్లు. ఇద్దరు హమాలీలు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. పసుపు బస్తాలు మోసే చేతులు, భద్రంగానే దించారు. ఆయన మాత్రం తల ఎత్తలేదు.

బాత్రూమ్ తలుపులో కుర్చీ పట్టదు. లోపల పట్టుకోవడానికి నల్లా తప్ప ఏమీ లేదు. మర్నాడు సభలో టీ వద్దన్నారు, భోజనం దగ్గర నీళ్లు కూడా వద్దన్నారు. షుగరేమో అనుకున్నాను. బస్సెక్కేటప్పుడు చెప్పారు, బాత్రూమ్‌కు పోవలసి వస్తుందని ముందురోజు సాయంత్రం నుంచి నీళ్లే ముట్టలేదట.

మేనేజరును అడిగితే, "అసువంటోళ్లు మా దగ్గరికి రారు సారూ" అన్నాడు. మెట్లుంటే ఎట్లా వస్తారు? అతన్ని అనడానికి నాకు మాత్రం ఏం అర్హత ఉంది? వికలాంగుల పెన్షన్ దరఖాస్తులు నేను మేడమీది సీటులోనే కూర్చుని తీసుకున్నాను. చేతుల మీద పాక్కుంటూ మెట్లెక్కిన వారున్నారు. కిందికి దిగి కాగితం అందుకోవద్దని ఏ రూలూ లేదు. నాకు తోచలేదు, అంతే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. జనం వచ్చిపోయే ప్రైవేటు వ్యాపార భవనం కూడా దాని కిందికి వస్తుంది. సౌకర్యాల ప్రమాణాలు ఉత్త సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

చిన్న లాడ్జివారిని లిఫ్టు పెట్టమనడం లేదు. కింద ఒక్క గది చాలు. దానికి 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు, కమోడు, గోడకు రెండు కడ్డీలు. ఇక ర్యాంపు. లారీకి వేసే చెక్కలాగా నిట్టనిలువుగా వేస్తే కుర్చీ వెనక్కి బోల్తా పడుతుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. ఆ మూడు మెట్లు అడుగున్నర, అంటే పద్దెనిమిది అడుగులు. ముందు జాగా లేదు, పక్క సందు ఉంది.

యజమానితో మాట్లాడాను. కడ్డీలు వేయించారు. సందు కొలిచి చూపిస్తే ర్యాంపు సంగతి ఆలోచిస్తామన్నారు. సోమవారం ఉదయం వెళ్తున్నాను. టేపు నా దగ్గరుంది, రెండో కొస పట్టుకోవడానికి ఒకరు రావాలి.