వెండి బిళ్ళ మీద నెమలికంఠం రంగు

ఈ పూట వంటల సంగతి పక్కనపెట్టి, మీ బీరువాలో ఏ మూలో ఉన్న వెండి నాణెం గురించి నాలుగు మాటలు చెబుతాను. ముందుగా నేను చేసిన తప్పు చెప్పుకోవాలి.

1969లో గాంధీజీ శతజయంతికి ప్రభుత్వం పది రూపాయల వెండి నాణెం విడుదల చేసింది. బరువు 15 గ్రాములు. అందులో నూటికి 80 పాళ్ళు వెండి. మా నాయన అలాంటివి రెండు సంపాదించి దాచి, అక్క పెళ్ళికొకటి, నా పెళ్ళికొకటి ఇచ్చారు. అక్క తనదాన్ని నాయన కట్టిన కాగితం పొట్లంతోనే ట్రంకుపెట్టె అడుగున వేసి మరిచిపోయింది. నాకేమో శుభ్రం పిచ్చి. రామసముద్రం కాపురానికి వచ్చిన ఏడు దీపావళికి తీసి చూస్తే బిళ్ళ అంచున పసుపు, ఊదా మచ్చలు కనిపించాయి. చింతపండు, విభూతి వేసి రుద్దాను. తళతళలాడింది. ఇక ప్రతి పండక్కీ అదే పని.

మొన్న అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. అక్క తన పొట్లం నా చేతికిచ్చి, "ఏమే, నీ దాని మాదిరి తెల్లంగా తోమియ్యి. పాపకిస్తాను" అంది. విప్పి చూద్దును కదా, నోట మాట రాలేదు. అంచున నెమలికంఠం రంగు, దాని లోపల వంగపండు రంగు, గాంధీజీ ముఖం దగ్గరికొచ్చేసరికి లేత బంగారు చాయ. రెండు రంగుల పట్టుచీరను వెలుగులో తిప్పినట్టుంది. తోమడానికి చెయ్యి రాలేదు.

మదనపల్లెలో మాకు తెలిసిన ఒక పెద్దాయన నాణేలు సేకరిస్తారు. రెండు బిళ్ళలూ పట్టుకుని వెళ్ళాను. ఆ వేళకి ఆయన స్నేహితుడు కూడా అక్కడే ఉన్నారు. అక్క బిళ్ళ చూడగానే పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "అమ్మా, దీన్ని ముట్టుకోవద్దు. ఈ రంగు కొనుక్కుంటే రాదు" అన్నారు. స్నేహితుడు ఒప్పుకోలేదు. "రంగంటే మచ్చే కదా! టంకసాల నుంచి ఎట్లా వచ్చిందో అట్లా తెల్లగా ఉంటేనే నాణెం" అన్నారు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. చివరికి నా బిళ్ళ చూపించాను. అప్పుడు మాత్రం ఇద్దరి మాటా ఒకటే అయింది. "రుద్దేశారే!" అన్నారు. తెల్లదనం కోరేవారికీ పనికిరాలేదు, రంగు కోరేవారికీ పనికిరాలేదు. భూతద్దంలో చూస్తే గాంధీజీ బుగ్గ మీద సన్నని గీతలు. పండగపండగకీ నేను గీసినవే.

ఇంతకీ ఈ రంగు ఎక్కడిదంటారా? గాలిలోనూ, కాగితంలోనూ, అట్టపెట్టెలోనూ ఉండే గంధకపు అంశ వెండితో కలిసి పైన పలుచని పొర కడుతుంది. వాన నీళ్ళ మీద నూనె చుక్క రంగులీనినట్టే, ఆ పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. మొదట పసుపు, తరువాత ఎరుపు కలిసిన ఊదా, ఆపైన నీలం. మరీ మందమైతే నలుపు. నలుపు దాకా పోనిస్తే నాణెం పైభాగం దెబ్బతింటుంది కాబట్టి రంగు ఇష్టపడేవారు కూడా అంతవరకు రానివ్వరు. ఇంకొందరు ఇంద్రధనుస్సు కూడా వద్దంటారు. అంతటా సమంగా పరుచుకున్న బూడిద చాయే వారికి అందం. కంసాలికైతే అన్నీ ఒకటే, తూకం చూసి ధర కడతాడు.

రంగుకు గిరాకీ ఉందని తెలిసి, వేడిపెట్టి, గంధకం తగిలించి దొంగరంగు పుట్టించేవారూ ఉన్నారు. సహజమైన రంగు సామాన్యంగా అంచు నుంచి లోపలికి ఒక వరుసలో మెల్లగా పాకుతుంది. దొంగరంగు ఆ వరుస లేకుండా, పులిమినట్టు ఒక్కసారిగా కనిపిస్తుంది. రంగు చూసి ఎక్కువ డబ్బు పెట్టేముందు తెలిసినవారికి చూపించండి.

మీ ఇంట్లో ఇలాంటి నాణెం ఉంటే అంచులు పట్టుకుని తీయండి. రబ్బరు బ్యాండు చుట్టకండి. ఉన్నిగుడ్డలోనూ, మెత్తటి ప్లాస్టిక్ సంచిలోనూ పెట్టకండి. ఉల్లిపాయలు, కోడిగుడ్లు ఉండే వంటింటి అలమరలో అసలే వద్దు. తడి తగలని చోట గట్టి డబ్బాలో ఉంచండి. పూజకు వేరే బిళ్ళ పెట్టుకోండి.

ఇంటికొచ్చి అక్కకు నిజం చెప్పాను. "నాది తెల్లగా లేదక్కా, అరిగిపోయింది" అన్నాను. అక్కకు వేరే దిగులు. "మచ్చలున్న వెండి ఇస్తే వియ్యాలవారు ఏమనుకుంటారే?" అంది. అప్పుడు పొట్లం కాగితం చూపించాను. "ఆ రంగులద్దింది ఈ కాగితమే అక్కా. నాయన చేత్తో కట్టిన పొట్లం" అన్నాను. అక్క ఆ కాగితాన్ని మడతల మీద మడతగా మళ్ళీ అట్లాగే మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. బిళ్ళను తోమకుండానే ఒక గట్టి డబ్బాలో పెట్టి పాపకిచ్చింది.

నా బిళ్ళ ఇప్పుడు మా పూజగదిలోనే ఉంది. పసుపు, కుంకుమ పెడుతున్నాను. రుద్దడం మాత్రం మానేశాను. ఈమధ్యే అంచున మళ్ళీ లేత పసుపు చాయ కనబడుతోంది. గీతలు పోవు. అయినా చూసుకుంటూ ఉన్నాను.

సెలవు.