ఇంటి కంప్యూటరుకూ కాపలా కావాలి

కాపలా కాయడం మనకి కొత్త కాదు. ఇవాళ నోయిడాలో మన ఇళ్ళలో ఉన్న కంప్యూటరు కాపలా గురించి నాలుగు మాటలు చెబుతాను.

రాన్సమ్‌వేర్ అంటే మన ఫైళ్ళకి పరాయివాడు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడగడం. 2017 మే 12న వన్నాక్రై ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానంవి కొన్ని దాని బారిన పడ్డాయి. ఒక్కో కంప్యూటరుకి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో అడిగారు. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది! వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. 2022 నవంబరులో మన పక్కనున్న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఇలాంటి దాడే జరిగితే, రోజుల తరబడి పనులన్నీ చేత్తో రాసుకుని నడిపారు.

కాబట్టి అప్‌డేట్లు వాయిదా వేయకండి. తెలియనివారి ఈమెయిలులో వచ్చిన ఫైలు తెరవకండి. పెన్షన్ కాగితాలు, పిల్లల ఫొటోలు వారానికోసారి వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది. యుద్ధంలో రిజర్వు దళం ఎలాంటిదో ఈ కాపీ అలాంటిది.

దాడి జరిగిందా, వెంటనే ఇంటర్నెట్ తీసెయ్యండి, 1930కి ఫోను చెయ్యండి. డబ్బు మాత్రం కట్టకండి. కట్టినా తాళంచెవి ఇస్తాడన్న పూచీ లేదు.

సెలవు. జై హింద్.