ఆటగాడు ఒజ్జయైన విధము



నేను హిందూపురము, పెనుగొండ ప్రాంతముల బడులలో బహుకాలము తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. మొన్న నొకనాడు ధర్మవరమునందు నా పూర్వశిష్యుని యింటికి పోయితిని. వారు పట్టుచీరలు నేయువారు. శిష్యుని తండ్రి మగ్గపు గుంటలో కూర్చుండియే నన్నొక ప్రశ్న యడిగెను: "అయ్యవారూ, మా మనవరాలు పొద్దస్తమానమూ షటిలు, షటిలు అంటుంది. ఆట నేర్చుకొనేదానికి హైదరాబాదుకు పంపమని ఏడుస్తుంది. పంపేదా, మానేదా? మీరే చెప్పండి."

నాకు వెంటనే సమాధానము తోచలేదు. అందులకు కారణము కలదు. చాల యేండ్ల క్రిందట నా తరగతిలో నొక బాలుడుండెను. బంతియాటలో వానికి సాటి లేదు. సంధులలో మాత్రము ప్రతిమాఱును తప్పెడివాడు. ఒకనాడు నేను వానిని నిలువబెట్టి, "ఆటలు కూడు పెట్టవురా" యని తరగతి యెదుట గద్దించితిని. మఱునాటి నుండి వాడు ఆటస్థలమునకు రాలేదు. కొలదికాలమునకు బడికిని రాలేదు. ఆ మాట నేటికిని నన్ను బాధించుచున్నది. కావున నీసారి తొందరపడక, ఆటచే పేరొంది, ఆట మానిన పిమ్మట ఆట నేర్పి మఱింత పేరొందిన యొక తెలుగువాని చరిత్రమును తలపోసితిని. ఆయన పుల్లెల గోపీచంద్.

గోపీచంద్ 1973వ సంవత్సరము నవంబరు 16వ తేదీన, నాటి ప్రకాశము జిల్లాలోని నాగండ్లలో జన్మించెను. చిన్ననాట క్రికెట్టుపై మక్కువ; అన్నగారి ప్రోద్బలమున బ్యాడ్మింటన్ చేపట్టెను. మన పల్లెలలో ఆరుబయట ఉన్నిబంతితో జట్టునకు అయిదుగురు చొప్పున నాడెడి బాల్ బ్యాడ్మింటన్ వేఱు, ఇది వేఱు. ఇందు బంతికి బదులు పదునాఱు ఈకలు గ్రుచ్చిన బెండు. బరువు సుమారు అయిదు గ్రాములు. గాలి సోకినచో త్రోవ తప్పును గావున పోటీలను నాలుగు గోడల నడుమ జరుపుదురు. చూచుటకు సుకుమారమైన ఆటయే. ఆడువాని మోకాళ్లకును ఊపిరికిని మాత్రము కఠినపరీక్ష.

ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో తప్పుటయే తన యదృష్టమని ఆయన పలుమాఱు చెప్పియున్నాడు. ఉపాధ్యాయులమైన మాకు ఈ మాట చుఱుక్కుమనును. పరీక్షలో తప్పినవాడు బ్రదుకులో తప్పినట్లే యని తలంచెడి దురభ్యాసము మాకున్నది.

హైదరాబాదున ఎస్. ఎం. ఆరిఫ్ గారికడ నేర్చి, పిదప బెంగుళూరున ప్రకాశ్ పదుకోనె గారి శిక్షణాలయమున సాధన చేసెను. ఇంతలో 1994లో ఆడుచుండగనే మోకాలిలోని ఎముకల నొడిసిపట్టి యుంచెడి కీలుబంధము తెగెను. శస్త్రచికిత్సలు జరిగెను. అట్టి దెబ్బ తగిలినవాడు తిరిగి పరుగిడుటయే కష్టము. ఆయన పరుగిడుటయే కాదు, 1996 మొదలు 2000 వఱకు వరుసగా అయిదేండ్లు జాతీయవిజేతగా నిలిచెను.

2001 మార్చిలో ఇంగ్లండులోని బర్మింగుహామున ఆల్ ఇంగ్లండు పోటీలు జరిగెను. ఇవి 1899లో ఆరంభమైనవి. ఈ యాట కంతటికిని తలమానికములు. అందు గోపీచంద్ డెన్మార్కు వీరుడు పీటర్ గేడును, అంతిమపోటీలో చైనా వీరుడు చెన్ హాంగును ఓడించెను. అంతిమపోటీ లెక్క 15–12, 15–6. అంతకుముందు 1980లో ఆ బిరుదును గెలిచిన భారతీయుడు పదుకోనె గారే. అనగా గురువు గెలిచిన యిరువది యొక్క యేండ్లకు ఆయనకడ సాధన చేసినవాడే గెలిచెనన్నమాట.

గెలిచినవాని వాకిట వర్తకులు నిలుతురు గదా! శీతలపానీయమునకు ప్రకటన యిమ్మని వచ్చిరి. తాను త్రాగని దానిని పిల్లలకు త్రాగుడని చెప్పజాలనని ఆయన త్రోసిపుచ్చెను. అప్పటికాయన ధనికుడు కాడు.

ఇంతవఱకు ఆటగాని కథ. ఇక ఒజ్జ కథ వినుడు.

2003లో ప్రభుత్వము హైదరాబాదు చెంత గచ్చిబౌలియందు అయిదెకరముల నేలను కౌలునకిచ్చెను. నేల యున్నంతమాత్రమున కట్టడము లేచునా? ధనము చాలక ఆయన సొంతయిల్లు కుదువ పెట్టెను. ఒక వ్యాపారి అయిదు కోట్ల రూపాయలు విరాళమొసగెను. 2008 నాటికి శిక్షణాలయము సిద్ధమయ్యెను. అంతకు రెండేండ్ల ముందే, 2006లో, ఆయన భారతజట్టునకు ప్రధానశిక్షకుడుగా నియమితుడయ్యెను. తెల్లవాఱకముందే శిష్యులతోపాటు ఆటస్థలమున నిలుచుట ఆయన నియమము.

ఇచ్చట నాకు ధర్మవరపు మగ్గము జ్ఞప్తికి వచ్చుచున్నది. కొత్తగా చేరిన కుఱ్ఱవానిని ఏ నేతగాడును మొదటి దినముననే జరీ యంచు ముట్టనీయడు. తెగిన పోగును ముడి కనబడకుండ అతుకుట నేర్పును. అదే పనిని వందలసారులు చేయించును. చీర యంగడికి పోయిన పిదప ఆ ముడిని ఎవరును చూడరు. నేర్పినవానిని ఎవరును తలంపరు. ఆట నేర్పుటయు నట్టిదే. అంతకంటె కష్టమేమన, తానే గొప్పగా ఆడగలిగినవాడు చేతులు కట్టుకొని ప్రక్కన కూర్చుండి, శిష్యుడు తప్పు చేయుచుండగా చూచుచుండవలెను. పాఠము చెప్పినవారికి ఆ బాధ తెలియును.

గోపీచంద్ 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఆడెను గాని పతకము దక్కలేదు. 2012లో లండనునందు ఆయన శిష్యురాలు సైనా నెహ్వాల్ కాంస్యపతకము గెలిచెను. బ్యాడ్మింటనులో మనదేశమునకు లభించిన తొలి ఒలింపిక్ పతకమదియే. 2016లో రియో క్రీడలకు ముందు ఆయన పి. వి. సింధు చేతినుండి మూడు నెలలపాటు సెల్‌ఫోను తీసికొనెను. ఆమె రజతపతకముతో తిరిగి వచ్చెను. 2019లో ప్రపంచవిజేత యయ్యెను. గుంటూరు వాడైన కిదాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిలులో ప్రపంచపు మొదటిస్థానము నధిష్ఠించెను. కేంద్రప్రభుత్వము 2009లో గోపీచందునకు ద్రోణాచార్య పురస్కారమును, 2014లో పద్మభూషణమును ఒసగెను.

అయినను ఈ కథలో కన్నీరును కలదు. 2014లో సైనా ఆయనను వీడి వేఱొక గురువుకడ నేర్చుటకు బెంగుళూరు చేరెను. అది తనకెంతయో బాధ కలిగించెనని గోపీచంద్ పిమ్మట దాచక చెప్పెను. మూడేండ్లకు, 2017లో, ఆమె తిరిగి రాగా ఆయన తలుపు మూయలేదు. గురువు పెద్దఱికము శిష్యుడు గెలిచినప్పటికంటె, విడిచిపోయి తిరిగి వచ్చినప్పుడే తెలియునని నా మతము.

ఇక ధర్మవరపు పెద్దాయన ప్రశ్నకు వత్తము. ఇన్ని పతకములు పండించిన గోపీచందే 2025లో తల్లిదండ్రుల కొక హెచ్చరిక చేసెను: ధనబలమో, వేఱొక యాధారమో లేనివారు తమ బిడ్డలను ఆటనే జీవనముగా చేసికొనుడని పంపవలదని. ఆటలో శిఖరమెక్కువారు నూటికొక్కరు కూడ నుండరు; తక్కినవారికి చదువును చాలక, ఆటయు నిలువక, నడిప్రాయమున దారి తోచదు. పలువురు ఆ మాటకు నొచ్చుకొనిరి. నాకు మాత్రము అది తన యిల్లు కుదువపెట్టి చూచినవాని మాటగా తోచెను. ఆట కూడు పెట్టదని నేనన్నప్పుడు అందు గర్వము కలదు. ఆయన యన్నప్పుడు అందు జాలి కలదు.

కావున ఆ పెద్దాయనతో నేనిట్లంటిని: "ఆట మాన్పింపవద్దు, వెంటనే హైదరాబాదునకును పంపవద్దు. ఒక యేడాది ఇక్కడనే యాడనిండు. ఎవరును లేపకయే తెల్లవాఱుజామున లేచుచున్నదేమో చూడుడు. చదువు విడువనీయకుడు. అప్పటికిని ఆ పట్టు సడలనిచో, ఆట తెలిసినవారికి చూపి, వారు తగునన్నచో పంపుడు."

ఆయన పేక ఆపి, "అది ఓడి ఇంటికొస్తే?" అనెను.

"ఓడి వచ్చినను ఇంట చోటు కలదని పంపునప్పుడే చెప్పుడు," అంటిని.

అయ్యలారా, మన జిల్లాకేంద్రముగా నుండిన అనంతపురమున 2010లో స్పెయిన్ వీరుడు రాఫెల్ నాదల్ గారి సంస్థ పల్లెబిడ్డలకొఱకు టెన్నిసు పాఠశాల తెఱచెను. పరదేశీయులకు మన బిడ్డలపై అంత నమ్మకము కలిగినప్పుడు, ఊరి పెద్దలమైన మనము ఊరి వెలుపల నొక చదునైన నేలను పిల్లలకై విడువలేమా? పదిమంది యాడినచో నొక్కడు గోపీచంద్ కావచ్చును, కాకపోవచ్చును. తక్కిన తొమ్మండ్రకు ఆరోగ్యమును, ఓటమిని ఓర్చెడి గుండెయు నబ్బును. అది తక్కువ లాభము కాదు.

నాడు నేను గద్దించిన బాలుడు ఎచ్చటనున్నను ఈ మాటలు వినవలెనని నా కోరిక. సెలవు.