లొట్టిలో పెరిగే ప్రాణం

దోమకొండ ఈత వనాల్లో దించిన తియ్యటి నీరా గంటల్లోనే పొంగి కల్లవుతుంది. అందులో ముఖ్యపాత్ర ఈస్ట్ కణాలది. తిండి పుష్కలంగా ఉంటే ఈస్ట్ దాదాపు గంటన్నరకోసారి మొగ్గ తొడిగి రెండవుతుంది. అయితే ఎంత తిండి ఉన్నా, తగినంత పెరగనిదే విభజన మొదలుపెట్టదు! లీలాండ్ హార్ట్‌వెల్ ఈ నిర్ణయ ఘట్టానికి 'స్టార్ట్' అని పేరుపెట్టారు; కణచక్ర పరిశోధనకు 2001లో నోబెల్ పంచుకున్నారు. పిల్లకణం తల్లికన్నా చిన్నది, అందుకే ఎక్కువసేపు ఆగుతుంది. నత్రజని కరువైతే కణం స్టార్ట్ దాటకుండానే నిలిచిపోయి, గ్లైకోజెన్ దాచుకుంటుంది. ఎంత అద్భుతమైన జాగ్రత్త!

ఇంతకీ తగినంత పెరిగానని ఈస్ట్ కణానికి ఎలా తెలుస్తుంది? విభజనను పట్టి ఉంచే ఒక ప్రోటీన్, కణం పెరిగేకొద్దీ పలచబడి దారి వదులుతుందని ఒక ముఖ్యమైన వివరణ. మన కణాల్లో అలాంటి కాపలా ఆర్‌బీ ప్రోటీన్‌ది. దాని జన్యువు దెబ్బతింటే పసిపిల్లల కంట్లో రెటినోబ్లాస్టోమా అనే కాన్సర్ రావచ్చు.