బడి పిల్లల చూపు: ఒక్కొక్క కన్నూ విడిగా



మన హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల్లో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో కన్నడం వింటారు, బడిలో తమిళం చదువుతారు. ఇలా మూడు భాషల మధ్య పెరిగే పిల్లవాడు కూడా ఒక్క మాట మాత్రం చెప్పలేడు. "నాకు సరిగా కనిపించడం లేదు" అన్న మాట అది. సరిగా కనిపించడమంటే ఎలా ఉంటుందో వాడు ఎన్నడూ చూసి ఉండడు మరి. పుట్టినప్పటి నుంచీ మసకగా చూసేవాడు అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. అందువల్ల పిల్లల చూపు సంగతి పిల్లలు చెబుతారని ఎదురుచూడకూడదు. పెద్దలమే కనిపెట్టాలి. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా తరగతిలో నేను చేసిన తప్పు నుంచి నేర్చుకుని చెబుతున్నాను.

2012లో నేను నాలుగో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఆ తరగతిలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె ఉండేది. నోటితో అడిగితే ఎక్కాలు గడగడా అప్పజెప్పేది. బోర్డు మీద లెక్క రాస్తే మాత్రం పక్క పిల్ల నోటు పుస్తకంలోకి వంగి చూసేది. నేను 43 అని రాస్తే తను 48 అని దించుకునేది. రెండు మూడుసార్లు కేకలేశాను. ఆమె మారలేదు. చివరికి "కాపీ కొట్టే పిల్ల" అని పేరు పెట్టి, పక్కన ఎవరూ లేకుండా వెనక బెంచీలో కూర్చోబెట్టాను. బి.ఇడి.లో పిల్లల మనస్తత్వం అనే పాఠం చదివి పరీక్ష రాసినదాన్ని, ఆ పిల్లకు బోర్డు కనబడుతోందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ ఏడాదే మా బడికి కంటి పరీక్షల శిబిరం వచ్చింది. వరండా గోడకు అక్షరాల పట్టిక తగిలించి, ఆరు మీటర్ల దూరంలో, అంటే సుమారు ఇరవై అడుగుల దూరంలో, సుద్దముక్కతో గీత గీశారు. ఈ పట్టికను 1862లో హాలండు దేశపు కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ తయారుచేశాడు. దాన్ని బట్టే చూపును 6/6, 6/60 అని రాస్తారు. 6/60 అంటే, మంచి చూపున్నవారు అరవై మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని ఈ పిల్ల ఆరు మీటర్లకు వస్తేగాని చదవలేదని అర్థం.

శిబిరంలో మొదట ఒక చిక్కు వచ్చింది. పరీక్ష చేసే అమ్మాయి తమిళంలో "తెరియుదా?" అని అడిగేది. కనిపిస్తోందా అని ఆమె ప్రశ్న. మా చిన్న తరగతుల తెలుగు పిల్లలకు అది "తెలుసా?" అన్నట్లు వినిపించింది. ఇంగ్లీషు అక్షరాల పేర్లు రాని పిల్లలు నిజాయితీగా "తెలీదు" అన్నారు. ఆమె చూపు లేదని రాసుకుంది! నాలుగైదు పేర్లు అయ్యాక నాకు సంగతి అర్థమై, పక్కన నిలబడి రెండు భాషల్లోనూ అడగడం మొదలుపెట్టాను. తర్వాత వాళ్ళే వేరే పట్టిక తగిలించారు. అందులో ఒకే గుర్తు, మూడు పళ్ళ దువ్వెనలా ఉండే ఇంగ్లీషు 'ఈ' అక్షరం, నాలుగు దిక్కులకూ తిప్పి ఉంటుంది. పళ్ళు ఏ వైపున్నాయో పిల్ల చేత్తో చూపిస్తే చాలు. భాషతో పనే లేదు. మీ ఊరికి శిబిరం వస్తే ఆ పట్టికే కావాలని అడగండి. ఇంటి భాష తెలిసిన వారొకరు పిల్లల పక్కన ఉండండి.

సరే, నా వెనక బెంచీ పిల్ల వంతు వచ్చింది. కుడికన్ను 6/18, ఎడమకన్ను 6/60. తర్వాత ఆసుపత్రిలో పరీక్షించి అద్దాలు పెట్టి చూస్తే కుడికన్ను 6/6కు వచ్చింది. ఎడమకన్ను అద్దాలు పెట్టినా రాలేదు. డాక్టరుగారు ఓపికగా వివరించారు. చూసేది కన్నొక్కటే కాదు, మెదడు కూడా చూడడం నేర్చుకోవాలి. ఆ నేర్చుకోవడం పసితనంలోనే జరుగుతుంది. రెండు కళ్ళలో ఒకటి బాగా మసకగా ఉంటే మెదడు ఆ కంటి మాట వినడం మానేస్తుంది. కన్ను పైకి చక్కగానే ఉంటుంది, చూపు మాత్రం ఎదగదు. దీన్నే సోమరి కన్ను అంటారు. మంచి కంటిని రోజూ కొన్ని గంటలు పట్టీతో మూసి, బలహీనమైన కంటికి పని చెప్పడం దీనికి చికిత్స. ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ తర్వాత కూడా కొంత ప్రయోజనం ఉంటుంది గాని, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

తల్లికి చెబితే, "ఒక కన్ను బాగుంది కదా టీచరమ్మా, చాలదా? ఆడబిడ్డకు ఇప్పుడే అద్దాలు పెడితే రేపు ఎవరు చేసుకుంటారు?" అంది. ఈ మాట మీలో ఎంతమంది అన్నారో, విన్నారో మీకే తెలుసు. "అద్దాలు పెట్టుకున్న కోడలా, అన్నంలో రాయి కనబడని కోడలా, ఎవరు మేలమ్మా?" అన్నాను. నవ్వి ఒప్పుకుంది. బడిలో పట్టీ వేసుకుంటే తోటి పిల్లలు ఏడిపిస్తారని, తల్లే ఒక ఉపాయం ఆలోచించింది. సాయంత్రం ఇంట్లో పట్టీ వేసి, కనకాంబరాలు, మల్లెలు మాల కట్టించేది. దగ్గరి పని చేయించమన్న డాక్టరు సలహాకు అది సరిగ్గా సరిపోయింది. ఏడాదికి పైగా కట్టిన తర్వాత ఎడమకన్ను 6/24 దాకా వచ్చి అక్కడే ఆగింది. ఐదేళ్ళప్పుడే తెచ్చి ఉంటే ఇంకా వచ్చేదేమో అన్నారు డాక్టరుగారు. ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై దాటాయి, బెంగళూరులో ఉద్యోగం. ఎడమకన్ను మాత్రం అంతే ఉంది.

అందుకే మిమ్మల్ని ఒక పని అడుగుతున్నాను. గోడకు క్యాలెండరు తగిలించండి. పిల్లను దూరంగా నిలబెట్టి, ఒక కంటిని అరచేత్తో మూయించి అంకెలు చదివించండి. తర్వాత రెండో కన్ను మూయించండి. వేళ్ళ సందుల్లోంచి తొంగి చూడనివ్వకండి, కన్ను నొక్కనివ్వకండి. రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని దాచేస్తుంది. రెండు కళ్ళకూ తేడా ఉంటే, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటే, తల ఒక పక్కకు వంచి చూస్తుంటే, చదివేటప్పుడు తలనొప్పి అంటే కంటి డాక్టరుకు చూపించండి. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోకండి, అది కూడా సోమరి కంటికి దారి తీస్తుంది. పసిబిడ్డ కంటిపాపలో పిల్లికన్నులా తెల్లని మెరుపు కనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆగవద్దు. అది కంటిలోపలి క్యాన్సరు కావచ్చు, త్వరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన వారికి, 30 రోజుల లోపే రెటీనా పరీక్ష చేయించాలి.

మా అమ్మమ్మ కాలంలో రేచీకటి గురించి ప్రతి ఇంట్లో మాట్లాడుకునేవారు. దీపాలు పెట్టే వేళకు పిల్లలు తడుముకుంటూ నడిచేవారట. అది విటమిన్ ఏ లోపం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశంలో పిల్లలకు విటమిన్ ఏ మందు పోయడం ఆరంభమైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, తర్వాత ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకొకసారి రెండు లక్షలు. మందుతోపాటు మన రాగిముద్దలోకి మునగాకు సారు, తోటకూర పులుసు ఉండనే ఉన్నాయి. తాలింపులో కొంచెం నూనె పడితే ఆ విటమిన్ ఒంటికి పడుతుంది. పెరట్లో మునగచెట్టు పెట్టుకుని, ఆకులన్నీ మేకకు వేసి, కాయలు మాత్రమే తినే ఇళ్ళు నాకు తెలుసు!

ఇంకొకటి, తాంబూలం వేసుకునే పెద్దలకు. సున్నం ప్యాకెట్టు పిల్లల చేతికి అందనివ్వకండి. నొక్కితే పగిలి కంట్లో పడుతుంది, నల్లగుడ్డును కాల్చేస్తుంది. పడితే ఆ క్షణంలోనే, రెప్పలు తెరిచి పట్టుకుని, శుభ్రమైన నీళ్ళు ధారగా కనీసం పావుగంట, వీలైతే అరగంట పోయండి. ఆ తర్వాతే బండెక్కండి. కళ్ళు ఎర్రబడితే ఆకుపసరు, ఆముదం, చనుబాలు పోయవద్దు. కంటికి పుండు పడ్డాక పసరు పోసి చూపు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఖర్చుకు భయపడవలసిన పని లేదు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడి పిల్లలకు కంటి పరీక్షలు, పేద పిల్లలకు ఉచితంగా అద్దాలు ఇచ్చే ఏర్పాటు ఉంది. అదే సంవత్సరం మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించి, శిబిరాల ద్వారా వైద్యాన్ని పల్లెలకు తీసుకువెళ్ళారు. మీ బడి హెడ్మాస్టరుగారిని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడిగితే ఈసారి శిబిరం ఎప్పుడో చెబుతారు.

నేనైతే ప్రతి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే పట్టిక తగిలించి, పిల్లలందరికీ ఒక్కొక్క కన్నూ విడిగా చూస్తాను. బెంచీలు ఆ తర్వాతే సర్దుతాను. సెలవు.