గుణమునకు మార్కులు

(డోంగ్లి పఠనాలయ సభలో చేసిన ప్రసంగము)



తెలంగాణమున కవులు లేరన్న నిందకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులను గోలకొండ కవుల సంచికలో నిలిపి బదులు చెప్పిరి. మనుజుని జూడకమున్నే వాని జాతికొక గుణమంటగట్టుట యెట్టిదో, ఎల్లకవతల తెలుగువారుగను, పట్నమున నోరు విప్పినంతనే మరాఠీవారుగను ఎంచబడు మీకు మేము వేరుగ జెప్ప బనిలేదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయముపై నడచిన వ్యాజ్యము ఇట్టిదే. డోంగ్లికి హార్వర్డుతో నేమి పనియని నవ్వకుడు. మన తెలుగువారి సంతానమెందరో నేడాదేశపు కళాశాలల వాకిట నిలిచియున్నారు.

ఆ విద్యాలయమువారు అభ్యర్థుల చదువునకు, ఆటలకు, ఇతర వ్యాపకములకే గాక 'వ్యక్తిత్వమున'కును మార్కులు వేయుచుండిరి. 2014లో దాఖలైన వ్యాజ్యము 2018లో విచారణకు రాగా లెక్కలు బయటపడెను. ఆసియా సంతతివారు చదువున మిన్న, వ్యాపకములందు వెనుకబడినవారు గారు. వ్యక్తిత్వమున మాత్రము తెల్లవారికంటె తక్కువ! అభ్యర్థి నెదుట గూర్చుండబెట్టుకొని మాటలాడిన పూర్వవిద్యార్థులు ఇంచుమించు సమముగనే మార్కులు వేసిరి. చాలవరకు ముఖమెరుగక కాగితములు తిరుగవేసిన కచేరీవారికే ఆ లోపము కానవచ్చెను. పుస్తకపు పురుగులు, నోరులేనివారు అను పాత మాటయే మార్కుగా మారినదని వాదులనిరి. ఉద్దేశపూర్వకమైన వివక్ష రుజువు కాలేదని 2019లో న్యాయాధికారిణి బరోస్ తీర్పు చెప్పగా, 2020లో అప్పీలు న్యాయస్థానము దానిని సమర్థించెను. 2023 జూన్ 29న సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసి, హార్వర్డు జాతిని లెక్కించు పద్ధతియే చెల్లదనెను.

గుణమను ఈ త్రాసు నేటిది గాదు. 1922లో హార్వర్డు అధ్యక్షుడు లోవెల్ యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దు గట్టజూచెను. బాహాటపు హద్దునకు సమ్మతి దొరకలేదు. 1926లో శీలమును, వ్యక్తిత్వమును పరికింపవలెనను నియమములు వచ్చెను. యూదుల సంఖ్య తగ్గెను. తలుపు మూయకయే గడప యెత్తు పెంచిరన్నమాట.

ఆ కాలముననే మన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరిరి. మద్రాసులో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. బదులు దిగువ పట్టమగు యల్.యం.యస్.తో వచ్చినవారాయన. అచ్చటనైన ఏమి జరిగినది? ఫిస్కేతో గలసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెల్లడించిరి. కండరములకు శక్తినొసగు ఫాస్ఫోక్రియాటినును 1927లో లోకమునకెరిగించిరి. స్థిరమగు ఆచార్యపదవి మాత్రము లభింపలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెడలిపోయిరి. హార్వర్డు వదలుకొన్నవాని పర్యవేక్షణముననే పిదప ఆరియోమైసిను వెలువడెను.

ఒక్కమాట కఠినముగా జెప్పవలసియున్నది. ఈ వ్యాజ్యము పేరుజెప్పి నల్లవారిపై కన్నెర్రజేయు మనవారును గలరు. తెల్లవారిలో సీటు దొరికినవారు నూటికి 43 మందికి పైగా క్రీడాకారులో, పూర్వవిద్యార్థుల సంతానమో, ఉద్యోగుల బిడ్డలో, పెద్దల ప్రత్యేక పట్టికలోనివారో యని 2019లో వెలువడిన పరిశోధన తేల్చినది. మన భాషలో దీనిపేరు సిఫారసు! 2023 తీర్పు దీని జోలికి బోలేదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయులు పౌరసత్వమున కనర్హులన్న దేశము 1965లో ఆసియావారికి తలుపు తెరచెనన్న, అది నల్లవారు హక్కులకై పోరిన దినములలోనే గదా! వారి పక్కన నిలువవలసినవారము వారి సీటులెక్కింప గూర్చుండుట మాకు సిగ్గుగ దోచుచున్నది.

మనమేమి తక్కువవారమా? మౌఖిక పరీక్షలో ఇంటిపేరడిగి కులమారాతీయువారు మనలో లేరా? 'మనవారు లెక్కలలో దిట్టలు' అని మురియుటయు నట్టిదే. లెక్కలు రాని బిడ్డ ఆ పొగడ్త క్రింద నలిగిపోవును.

మేము కోరునది స్వల్పము. వ్యక్తిత్వమునకు మార్కు వేయుదురేని, వేసిన కారణమును విద్యార్థికి తెలుపవలెను. ఆ మార్కు వేయునప్పుడు జాతిని గమనింపరాదని హార్వర్డువారు తమ సూచనలలో స్పష్టముగ వ్రాసికొన్నది 2018లో. ఆ యొక్క వాక్యము వ్రాయుటకు, వ్యాజ్యము పడిన పిదప, నాలుగేండ్లు పట్టినది.