చిన్న విమానంలో చల్లగాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటేడు ఇదే సభ ముగిశాక భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు. "బేటా, నువ్వు విమానాలు రిపేరు చేస్తావు కదా. మావాడు ఫ్లయింగ్ నేర్చుకునే చోట విమానంలో ఏసీ చెడిపోయిందట. వారం నుంచి పక్కన పెట్టేశారు. నా కారుకైతే అరగంటలో గ్యాస్ నింపి పంపిస్తారే! వీళ్లకు వారం ఎందుకు?" అని అడిగారు. చేతిలో బిర్యానీ ప్లేటు ఉంది, రెండు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను. ఈసారి కమిటీవారు మైకే చేతికిచ్చారు కాబట్టి ఆ బాకీ తీరుస్తాను.

నేను చెప్పేది హజ్‌కు వెళ్లే పెద్ద విమానాల గురించి కాదు. వాటి పద్ధతే వేరు. నలుగురు కూర్చునే, ముందు ఒకే ప్రొపెల్లర్ ఉండే పైపర్ ఆర్చర్ లాంటి విమానం గురించి. అందులో ఏసీ ఉంటే అది మీ కారు ఏసీకి తమ్ముడే. ఇంజిన్‌కు బెల్టుతో తిరిగే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, తేమను పీల్చే డ్రయర్, చల్లదనం ఇచ్చే కాయిల్. గ్యాస్ కూడా అదే, ఆర్-134ఎ. మామూలు గాలి ఒత్తిడిలో అది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది. అందుకే గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా మేము పైపు విప్పం.

పోలిక అంతవరకే. కారులో కండెన్సర్ ముందు ఉంటుంది. ఈ విమానంలో అది తోక వైపు, సామాన్ల అర వెనక, పొట్ట కింద తెరుచుకునే ఒక తలుపు మీద ఉంటుంది. ఏసీ వేస్తే తలుపు కిందికి దిగి గాలి పట్టుకుంటుంది. ఆపితే లోపలికి ముడుచుకుంటుంది. పైలట్ టేకాఫ్ కోసం థ్రాటిల్‌ను పూర్తిగా ముందుకు నెట్టగానే ఒక చిన్న స్విచ్ నొక్కుకుని కంప్రెసర్‌ను వదిలించి, తలుపును మూసేస్తుంది. ఎందుకంటారా? మే నెల మధ్యాహ్నం వేడికి గాలి పలచబడుతుంది. ఇంజిన్ బలం తగ్గుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, రన్‌వే ఎక్కువ కావాలి. అలాంటప్పుడు కంప్రెసర్ కొంత బలం తినేసి, తలుపు గాలికి అడ్డం పడితే విమానం పైకి లేచే వేగం పడిపోతుంది. కాబట్టి సర్వీసింగ్ అంటే చల్లగాలి వస్తోందా అని చూడటం ఒక్కటే కాదు. థ్రాటిల్ ముందుకు నెట్టినప్పుడు తలుపు మూసుకుంటోందా, తలుపు తెరిచి ఉంటే పైలట్ ముందు దీపం వెలుగుతోందా అని చూడాలి. చల్లదనం లేకపోతే చెమట పడుతుంది, అంతే. ఈ స్విచ్ పనిచేయకపోతే రన్‌వే చివర చెట్లు దగ్గరికొస్తాయి.

బెల్టు సంగతి వింటే మీరు నవ్వుతారు. కారు బెల్టు పది నిమిషాల పని. ఇక్కడ బెల్టు ప్రొపెల్లర్ వెనక ఉంటుంది. ప్రొపెల్లర్ విప్పితే గానీ కొత్త బెల్టు ఎక్కదు. విప్పేముందు మాగ్నెటో స్విచ్ ఆపి ఉన్నా సరే, ప్రొపెల్లర్ ఏ క్షణమైనా తిరుగుతుందన్నట్టే దాని దగ్గర నిలబడాలి. మళ్లీ బిగించాక ఒక్కో బోల్టును లెక్క ప్రకారం టార్క్ చేసి, ఊడిపోకుండా తీగతో కట్టాలి.

ఇక గ్యాస్. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. లైసెన్సు వచ్చిన కొత్తలో ఒక ట్రైనింగ్ విమానం చల్లదనం తగ్గిందని నా దగ్గరికి వచ్చింది. మీటర్లు పెట్టి చూశాను, గ్యాస్ తక్కువగా ఉంది. ఇంజిన్ దగ్గర జాయింట్లన్నీ సబ్బు నీళ్లతో చూశాను, బుడగ రాలేదు. గ్యాస్ నింపి సంతకం పెట్టాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. మళ్లీ నింపాను. సీట్లు తీసి, నేల పలకలు విప్పి చూడాలంటే రోజున్నర పని. బయట స్టూడెంట్లు ఎదురు చూస్తున్నారు. మూడోసారి వచ్చినప్పుడు మా సీనియర్ ఒక్కటే అడిగారు: "గ్యాస్ ఎక్కడికి పోతోందో తెలుసుకున్నావా?"

పలకలు విప్పాం. ఇంజిన్ నుంచి తోక దాకా వెళ్లే గ్యాస్ పైపును పట్టి ఉంచే క్లాంపు ఒకటి జారిపోయింది. పైపు వేలాడి, పక్కనే వెళ్లే ఉక్కు కేబుల్‌ను తాకుతోంది. తోక రెక్కను పైకీ కిందికీ కదిపేది ఆ కేబులే. పైలట్ స్టీరింగ్ లాగిన ప్రతిసారీ కేబుల్ రంపంలా పైపును కోస్తోంది. గ్యాస్ పోతున్నది అక్కడ. నాకు కాళ్లలో సత్తువ పోయింది. రెండు నెలలపాటు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు నా సంతకం మీద ఆ విమానంలో ఎగిరారు.

కేబుల్ పొడవునా గుడ్డతో తుడిచాం. పోగు తెగి ఉంటే గుడ్డ దానికి తగులుకుంటుంది. తగులుకోలేదు, నల్లని రబ్బరు మరక మాత్రమే అంటింది. అల్‌హమ్దులిల్లాహ్.

ఆ తర్వాత చేసిన పనే అసలు సర్వీసింగ్. మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంతో సిలిండర్‌లోకి లాగాలి. ఒక కిలో ఆర్-134ఎ నూరేళ్ల లెక్కలో 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అంతకుముందు వాడిన ఆర్-12 ఓజోన్‌నే తినేసేది, 1987 మాంట్రియల్ ఒప్పందం దానికి అడ్డుకట్ట వేసింది. పాత విమానం వస్తే లోపల ఏ గ్యాస్ ఉందో ముందు తేల్చుకోవాలి. దాని నూనె వేరు, దీని నూనె వేరు, రెండూ కలవవు.

కొత్త పైపు, కొత్త రబ్బరు రింగులు, కొత్త డ్రయర్ వేశాం. ఒకసారి గాలి తగిలిన డ్రయర్ మళ్లీ పనికిరాదు. నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తోందా అని చూశాం. ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉంది కదా అని అది వాడకూడదు, నూనెతో కలిస్తే పేలుతుంది. తర్వాత పంపుతో లోపలి గాలంతా లాగేశాం. శూన్యం బాగా లోతుకు వెళ్తే మామూలు వేడికే నీరు మరిగి ఆవిరై బయటికి పోతుంది. ఆ తేమ లోపల ఉండిపోతే వాల్వు దగ్గర మంచుగా గడ్డకడుతుంది, లోహాన్నీ తింటుంది. పంపు ఆపి, మీటర్ ముల్లు కదలకుండా ఉందో లేదో గడియారం పెట్టుకుని చూశాం. ఆ తర్వాతే గ్యాస్. అదీ చేతికి పైపు చల్లగా తగిలేదాకా కాదు, మాన్యువల్‌లో రాసినంత, కాటా మీద తూచి.

ఏసీ లేకుండా విమానం ఎగరకూడదా అని మీరు అడగొచ్చు. చాలా ట్రైనింగ్ విమానాల్లో ఎగరొచ్చు. ఏసీని పూర్తిగా ఆపేసి, పనిచేయదని స్విచ్ దగ్గర చీటీ అంటించి, లాగ్‌బుక్‌లో రాసి పంపొచ్చు. మెడకు తడి తువ్వాలు చుట్టుకుని ఎగిరే ఇన్‌స్ట్రక్టర్లు నాకు తెలుసు. కానీ గ్యాస్ ఎక్కడికి పోతోందో తెలియకుండా ఆ చీటీ కింద నేను ఇప్పుడు సంతకం పెట్టను. ముందు నేల పలకలు లేవాల్సిందే.

ప్రశ్న అడిగిన పెద్దాయన ఈ రోజూ ముందు వరసలోనే ఉన్నారు. వాళ్లబ్బాయి ఎక్కే విమానాన్ని నేను చూడలేదు, వారం ఎందుకు పట్టిందో నాకు తెలియదు. బిల్లు అడిగి చూడండి చాచా, అందులో పలకలు విప్పిన కూలీ ఉందేమో. మిగతా ప్రశ్నలుంటే భోజనాల దగ్గర.